లిండావ్ దీపస్తంభం, వెలుగు దిక్కు

జర్మనీ దక్షిణపు అంచున, కాన్‌స్టన్స్ సరస్సులోని చిన్న దీవి మీద లిండావ్ పాత పట్టణం ఉంది. దాని రేవు ముఖద్వారానికి ఒకవైపు 1856లో పూర్తయిన 33 మీటర్ల దీపస్తంభం, మరోవైపు బవేరియా చిహ్నమైన 6 మీటర్ల రాతి సింహం నిలిచి ఉంటాయి. రేవు ఒడ్డున ఉన్న మాంగ్ బురుజు పాత దీపస్తంభం.

ఈ రేవు పట్టణానికి దక్షిణాన ఉంది. ఆ ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణాకాశంలోనే ఉంటాడు. అందుకే ఒడ్డు నుంచి సరస్సు వైపు మధ్యాహ్నం తీసిన ఫొటోలో స్తంభం నల్లని ఆకారంగా మిగులుతుంది. ఉదయపు ఏటవాలు వెలుగు పక్కనుంచి తగిలి దాని రూపానికి లోతునిస్తుంది. మధ్యాహ్నం మెట్లెక్కి పైనుంచి పట్టణం వైపు తిరిగితే, ఎండ నిండుగా పడిన ఇళ్ల ముఖాలు కనిపిస్తాయి.

కెమెరాను పైకి వంచితే స్తంభం వెనక్కి వాలినట్టు వస్తుంది; దూరం జరిగి, కెమెరాను నిటారుగా పట్టుకుంటే ఆ దోషం తగ్గుతుంది. నీటి అంచు గీత సమంగా ఉండాలి. సంధ్య తర్వాత ట్రైపాడ్ మీద ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే దీపాలూ నీలాకాశమూ రెండూ దక్కుతాయి. ఫ్యోన్ అనే వెచ్చని పర్వతగాలి వీచిన రోజున ఎదుటి ఆల్ప్స్ శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రయాణికుడు సూర్యుడి దిక్కును, గాలి తీరును, నిలబడే చోటును గమనించాకే మీట నొక్కాలి. ఆ గమనింపు వల్ల ఫొటో బాగుపడుతుంది, చూసిన ఊరు కూడా బాగా అర్థమవుతుంది.