పక్కింటి పిల్లలకి మన దేవుడి గురించి చెప్పొచ్చా?

పోయిన వారం ప్రహ్లాదుడి మీద వీడియో చేశాం కదా. ఆ స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు ఒక ఘట్టం దగ్గర నా పెన్ను ఆగిపోయింది. పది నిమిషాల వీడియోలో ఆ విషయానికి చోటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గురువులు చండామార్కులు ఇంటి పని మీద బయటికి వెళ్తారు. తోటి పిల్లలు ఆడుకుందాం రమ్మని ప్రహ్లాదుణ్ణి పిలుస్తారు. అతను వాళ్ళని దగ్గర కూర్చోబెట్టుకుని విష్ణుభక్తి గురించి చెప్తాడు. పిల్లలు ఆటలు పక్కన పెట్టి వింటారు. వాళ్ళందరూ దైత్యుల పిల్లలు. ఆ రాజ్యంలో విష్ణువు పేరెత్తితేనే రాజుకి కోపం. ఆ పిల్లల అమ్మానాన్నల్ని ఎవరూ పర్మిషన్ అడగలేదు. అయినా మనం చిన్నప్పటి నుంచి ఆ కథ వింటూ ప్రహ్లాదుడి పక్షానే ఉన్నాం.

ఇప్పుడు ఇదే సంగతి మన అపార్ట్‌మెంట్‌లో జరిగిందనుకోండి. పక్క ఫ్లాట్‌లో ఒక క్రైస్తవ కుటుంబం. ఆదివారం సాయంత్రం వాళ్ళ హాల్లో చుట్టుపక్కల పిల్లలు ఏడెనిమిది మంది చేరతారు. అంకుల్ గిటార్ వాయిస్తారు, ఆంటీ బైబిల్ కథ చెప్తారు, వాళ్ళ పదేళ్ళ అబ్బాయి బొమ్మలు చూపిస్తాడు. చివర్లో ఒక చిన్న ప్రార్థన, తలా రెండు బిస్కెట్లు, రస్నా. మొత్తం కుటుంబం కలిసి చేసే పని అది. ఇప్పుడు మనం ఎవరి పక్షం?

"అనుకోండి" అన్నాను గానీ, మా ఫ్లోర్‌లో ఇది నిజంగానే జరుగుతోంది. మా అక్క కూతురు చిన్ని, ఏడేళ్ళది, అక్కడికి వెళ్తుంది. అక్కకి చెప్పే వెళ్తుంది. దావీదు, గొల్యాతు కథ నాకు మూడుసార్లు చెప్పింది, ప్రతిసారీ గొల్యాతు ఇంకాస్త పొడుగయ్యాడు. ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

ఒక రాత్రి పదింటికి పడుకోబోతూ, "మామయ్యా, అమ్మమ్మ నరకానికి వెళ్ళిందా?" అని అడిగింది.

అమ్మమ్మ అంటే మా అమ్మ. పోయి ఏడాదిన్నర అయింది. యేసుని నమ్మనివాళ్ళు అక్కడికే వెళ్తారని పక్కింటి అబ్బాయి చెప్పాడట. ఎగతాళిగా కాదు, ఎంతో బాధపడుతూ చెప్పాడట. "మీ అమ్మమ్మకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది" అన్నాడట.

ఇక్కడ ఇద్దరు పిల్లల గురించీ ఆలోచించాలి. చిన్నికి నిద్ర పట్టలేదు, అది ఒకటి. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, తను నిజమని నమ్మిందే చెప్పాడు, అది రెండు. తన ఫ్రెండ్ మీద ప్రేమ ఉంది కాబట్టే చెప్పాడు. నమ్మకం ఉన్న మనిషి నోరు మూసుకుని కూర్చోవాలని మనం అడిగితే, ఒక రకంగా ప్రేమించొద్దని అడిగినట్టే. క్రైస్తవులకి తమ విశ్వాసాన్ని అందరికీ చెప్పడం ఇష్టమైతే చేసే పని కాదు, ప్రభువు ఆజ్ఞ. చిన్నపిల్లల్ని తన దగ్గరికి రానివ్వమని యేసు అన్న సందర్భం సువార్తల్లోనే ఉంది. వాళ్ళ వైపు నుంచి చూస్తే ఆదివారం సాయంత్రం ఆ హాలు తలుపు తెరవడం ఒక కర్తవ్యం.

చట్టం ఏమంటుందని కొందరు అడుగుతారు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించడానికీ, ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ప్రచార హక్కు అంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో మైనర్‌కి మతబోధన చేయాలంటే సంరక్షకుల సమ్మతి కావాలి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. దాని 14వ అధికరణం పిల్లలకి సొంత మనస్సాక్షి ఉందని ఒప్పుకుంటూనే, వయసుని బట్టి దారి చూపే హక్కూ బాధ్యతా తల్లిదండ్రులకి ఇచ్చింది. ఇవన్నీ తెలుసుకోవాల్సినవే. కానీ మా ఫ్లోర్‌లో సమస్య కోర్టుది కాదు. రాత్రి పదింటికి ఒక పిల్ల అడిగిన ప్రశ్నది.

అసలు అమ్మానాన్నలకి మాత్రం ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? నాకు విష్ణు సహస్రనామం నేర్పినప్పుడు నా సమ్మతి ఎవరూ తీసుకోలేదు. ఫోన్ కొన్నప్పుడు వచ్చే డిఫాల్ట్ సెట్టింగ్‌లా నా మతం నాతోనే వచ్చింది. పిల్లల అనుమతి లేకుండా చెప్పడమే తప్పయితే, మన ఇళ్ళల్లో రోజూ జరిగేదీ తప్పే అవ్వాలి. పక్కింటివాళ్ళు చేస్తే బ్రెయిన్‌వాష్, మనం చేస్తే సంస్కారం అనడం లాజిక్ కాదు.

నాకు తోచిన తేడా ఒకటుంది. అమ్మానాన్నలు చెప్పిన మాటకి వచ్చే ప్రశ్నలన్నీ వాళ్ళ దగ్గరికే వస్తాయి. అర్ధరాత్రి భయపడితే పక్కన పడుకునేది వాళ్ళే. పదిహేనేళ్ళకి పిల్లాడు "నేను నమ్మను" అని తిరగబడితే భరించేదీ వాళ్ళే. పక్కింటివాళ్ళు చెప్పిన మాట మాత్రం వాళ్ళింట్లో మొదలై మన ఇంట్లో తేలుతుంది. చిన్ని ఆ ప్రశ్న అడిగేసరికి ఆ అబ్బాయి తన ఫ్లాట్‌లో నిద్రపోతున్నాడు. చెప్పే హక్కు, చెప్పాక తోడుండే బాధ్యత, ఈ రెండూ కలిసే ఉండాలి. బాధ్యత తల్లిదండ్రుల మీద ఉన్నప్పుడు, వాళ్ళకి తెలియకుండా వాళ్ళ పిల్లలకి చెప్పడం న్యాయం కాదు. చెప్పే విషయం ఎంత గొప్పదైనా సరే.

మరి ప్రహ్లాదుడి సంగతేంటి? అతను చేసిందీ ఇదేగా అని మీరు అడగొచ్చు. నేనూ అదే ఆలోచించాను. అతను ఆ పిల్లల ఈడువాడే. పెద్దవాడిగా వాళ్ళ మీద అధికారం చూపలేదు. వినకపోతే వాళ్ళు లేచి ఆటకి వెళ్ళిపోవచ్చు. వింటే ఇదిస్తాను, అదిస్తాను అనలేదు. వినకపోతే ఏమవుతుందోనని బెదిరించలేదు. చెప్పినందుకు కష్టమంతా పడింది తనే, విన్న పిల్లలు కాదు. భయపెట్టింది, అధికారం చూపింది హిరణ్యకశిపుడు. తను ఎంచుకున్నది తప్ప పిల్లాడి నోట ఇంకో పేరు రాకూడదన్న తండ్రి అతను. కాబట్టి ఆ కథ పక్కింటివాళ్ళకి ఎంత చెప్తుందో, మన ఇళ్ళల్లో ఉన్న పెద్దవాళ్ళకీ అంతే చెప్తుంది.

దీన్నుంచి నేను మూడు ప్రశ్నలు తీసుకున్నాను. ఏ మతంవాళ్ళు చెప్తున్నా అవే ప్రశ్నలు. ఒకటి, తలుపు తెరిచి ఉందా? అంటే ఆ పిల్లల అమ్మానాన్నలు వచ్చి వెనక కూర్చున్నా అదే మాట చెప్పగలరా? రెండు, భయం ఉందా? ఏడేళ్ళ పిల్ల వాదించలేదు, నిద్ర మాత్రం పోగొట్టుకోగలదు. మూడు, బిస్కెట్ ఎందుకు? ప్రార్థనకి కళ్ళు మూసుకోని పిల్లకీ అవే రెండు బిస్కెట్లు అందుతాయా?

మూడో ప్రశ్న కొత్తది కాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో, ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ సహాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవాళ్ళెవరో, విశ్వాసం కోసం వచ్చినవాళ్ళెవరో తేలాలని. పనులు ఆగాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. మన గుళ్ళు వాళ్ళని గుమ్మం బయటే ఆపిన రోజులవి. ఈ చరిత్ర తెలిశాక "రైస్ బ్యాగ్" అనే మాట నా నోట రాదు.

ఆ మాట ఎందుకు ఎత్తానంటే, చిన్ని ప్రశ్న అడిగిన నెలలోనే మా లిఫ్ట్‌లో ఒక పెద్దాయన ఆ పక్కింటి అబ్బాయి వినేలా ఆ మాట అన్నారు. నేను అక్కడే ఉన్నాను, "అలా అనకండి అంకుల్, పిల్లాడు ఉన్నాడు" అన్నాను. ఆయన నవ్వేశారు. అబ్బాయి మాత్రం కిందకి చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు ఆ పిల్లాడికి హిందూ ధర్మం గురించి పాఠం చెప్పింది ఆ పెద్దాయనే. అమ్మానాన్నల సమ్మతి లేకుండా, భయపెట్టి, అవమానించి. నా మూడు ప్రశ్నలకి ఆ పాఠం నిలబడదు.

మన వైపు ఇంకా ఉన్నాయి. వినాయక చవితికి మండపంలో పిల్లలందరికీ శ్లోకం నేర్పించి, చెప్పినవాళ్ళకే లడ్డూ అని సరదాగా అంటాం. అందులో క్రైస్తవ, ముస్లిం పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగామా? అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఇది రెండు వైపులా తెలుసు. ఆదివారం పిల్లల్ని చిన్మయా మిషన్ బాలవిహార్‌కి తీసుకెళ్తారు. వేసవిలో పక్కింటి అమెరికన్ కుటుంబం వెకేషన్ బైబిల్ స్కూల్‌కి రమ్మని ఎంతో ప్రేమగా పిలుస్తుంది. పంపితే ఏమవుతుందో, పంపకపోతే ఏమనుకుంటారో అని అక్కడ మనవాళ్ళు పడే మొహమాటం, ఇక్కడ మన మండపం ముందు నిలబడిన ఆ పిల్లల అమ్మానాన్నలకీ ఉంటుంది.

నరకం ప్రశ్న వచ్చిన మర్నాడు అక్కా నేనూ పక్కింటికి వెళ్ళాం. గొడవకి కాదు. అక్క జరిగింది చెప్పింది. ఆంటీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అమ్మకి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ క్యారియర్ పంపింది ఆవిడే. అంకుల్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నా విశ్వాసం మార్చుకున్నానని మీకు అబద్ధం చెప్పలేనమ్మా. కానీ మీ అమ్మగారి విషయం తీర్పు చెప్పడానికి నేనెవర్ని? చిన్నపిల్లకి ఆ మాట వెళ్ళకూడదు. మా వాడితో నేను మాట్లాడతాను."

ఆ జవాబు నాకు పూర్తిగా నచ్చిందా అంటే లేదు. మా అమ్మ గురించి ఆయన మనసులో ఏ లెక్క ఉందో అన్న ముల్లు ఇంకా గుచ్చుతూనే ఉంది. కానీ నన్ను సంతోషపెట్టడానికి ఒక మాట అనేసి, లోపల ఇంకోటి పెట్టుకోలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. అక్క కూడా అంతే సూటిగా చెప్పింది: కథలకీ పాటలకీ క్రిస్మస్ కేకుకీ చిన్ని వస్తుంది, యేసుని అంగీకరించే ప్రార్థన లాంటివి మాత్రం ఇప్పుడు చేయించొద్దు, పెద్దయ్యాక తన ఇష్టం. వాళ్ళు సరేనన్నారు. ఆ మాట మీదే ఉన్నారు.

చిన్నికి ఏం చెప్పామంటారా? "అమ్మమ్మ ఎక్కడుందో కళ్ళారా చూసి వచ్చినవాళ్ళు మన ఫ్లోర్‌లో ఎవరూ లేరు. వాడు వాళ్ళింట్లో నేర్చుకున్నది చెప్పాడు. మనం నమ్మేది, దేవుడు అమ్మమ్మని వదిలేసేవాడు కాదు అని" అన్నది అక్క. "మరి వాడు చెప్పింది తప్పా?" అంది చిన్ని. "మేం అలా అనుకోవట్లేదు. నువ్వు పెద్దయ్యాక నీకే తెలుస్తుంది" అన్నాను. ఇంకా చాలా ప్రశ్నలు అడిగి అక్క చెయ్యి పట్టుకుని పడుకుంది.

భగవద్గీత చివర్లో కృష్ణుడు చేసిన పని ఒకటి నాకు ఈ విషయంలో దారి చూపిస్తుంది. పద్దెనిమిది అధ్యాయాలు ఉపదేశించిన గురువు, అదీ సాక్షాత్తూ భగవంతుడు, నిర్ణయం మాత్రం అర్జునుడి ఆలోచనకే వదిలాడు. వినాలని లేనివాడికి ఇది చెప్పొద్దని కూడా అక్కడే అన్నాడు. తను చెప్పేది సత్యమని తెలిసినవాడే అంత ఓపిక పట్టాడు. అర్జునుడు యోధుడు, పెద్దవాడు, ఎదురు ప్రశ్న వేయగలిగినవాడు. ఏడేళ్ళ పిల్లల విషయంలో మనకి ఇంకెంత ఓపిక ఉండాలి!

అందుకని మీ పక్కింట్లో ఇలాంటి ఆదివారం కూటం ఉంటే, వాట్సాప్ గ్రూప్‌లో పోస్ట్ పెట్టే ముందు ఒకసారి వెళ్ళి తలుపు కొట్టండి. ఏం చెప్తున్నారో కూర్చుని వినండి. మీకు ఏది ఫరవాలేదో, ఏది కాదో ముఖం మీదే, మర్యాదగా చెప్పండి. మీ పిల్లలకి మీ కథలు మీరే చెప్పండి, ఎందుకంటే ఇంట్లో కథ చెప్పేవాళ్ళు లేకపోతే పిల్లలు కథ ఉన్న ఇల్లు వెతుక్కుంటారు, అది వాళ్ళ తప్పు కాదు. వచ్చే చవితికి మీ మండపానికి వేరే మతం పిల్లలు వస్తే, వాళ్ళ అమ్మానాన్నలతో ముందు ఒక మాట అనండి. లడ్డూ మాత్రం శ్లోకం రానివాళ్ళకీ పెట్టండి.

వచ్చే వారం వీడియోలో నచికేతుడి కథ. ఆ పిల్లాడు అడిగిన ప్రశ్నలకి యముడే జవాబు చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో పిల్లలతో కలిసి చూడండి. శుభం.