పెట్టె అడుగున పడిన కల



నాలుగేళ్ళ క్రితం ఒక సాయంత్రం, మా విచారణకు చెందిన ఒక తల్లి కళ్ళు తుడుచుకుంటూ గుడి ప్రక్కనున్న మా బంగళాకు వచ్చింది. "ఫాదరుగారూ, మా పిల్ల నర్సింగు మానేస్తానంటోంది. మీరు చెబితే వింటుంది. ఒక్కసారి పిలిచి బుద్ధి చెప్పండి" అంది. అమ్మాయి ఆ కోర్సులో చేరి అప్పటికి ఏడాది. ఫీజు కోసం ఆ తల్లి మిరప కోతలకు వెళ్ళింది, చీటీ పాడింది, మెడలోని గొలుసు తాకట్టు పెట్టింది. ఆమె బాధలో న్యాయం ఉందనిపించింది.

మరునాడు అమ్మాయిని పిలిపించాను. తల వంచుకుని నెమ్మదిగా చెప్పింది: "నర్సు కావాలన్నది మా అమ్మ కోరికండి. నేను ఇంటరులో లెక్కల గ్రూపు చదివాను. ఏం చదువుతావని నన్నెవరూ అడగలేదు." బుద్ధి చెబుదామని కూర్చున్న నాకు నోట మాట రాలేదు.

తరువాత తల్లితో మాట్లాడాను. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా తండ్రి చనిపోయాడు. బడి మానేసి కూలికి వెళ్ళింది. నర్సు కావాలన్న చిన్ననాటి ఆశను, బట్టల పెట్టె అడుగున పాత చీర మడతలో దాచినట్లు, ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. పాతికేళ్ళ తరువాత అది బయటికి వచ్చింది. అయితే తన భుజం మీదికి కాదు, కూతురి భుజం మీదికి.

ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇదే. నెరవేరని కలను మనిషి ఏం చేయాలి?

లోకం దీనికి రెండు సమాధానాలు చెబుతుంది. ఒకటి, "వయసు మళ్ళింది, ఇప్పుడెందుకు? మరచిపో" అన్నది. రెండవది, "పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు" అన్నది. మొదటిది పెద్దమనిషి మాటలా వినిపిస్తుంది గాని, మరచిపోయామనుకున్నది ఏ దారిన తిరిగి వస్తుందో పైన చూశాము. రెండవది ఉత్సాహంగా వినిపిస్తుంది గాని, నలభై దాటిన, ఎనిమిదో తరగతితో చదువు ఆగిన ఆ తల్లితో "రేపు నువ్వు ఆసుపత్రిలో నర్సువవుతావు" అని చెప్పడం ఆమెను మోసగించడమే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఊరకనే పుట్టలేదు.

ఈ రెండింటి నడుమ దారి ఉన్నదా? గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టిన ఒక పాఠం నాకు ఇక్కడ అక్కరకు వచ్చింది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం మూడవ భాగంలో కోరికను, ఎంపికను వేరు చేసి చూపుతాడు. మనిషి అసాధ్యమైనదాన్ని కూడా కోరుకోగలడు. చావు లేకుండా ఉండాలని కోరుకునేవారు లేరా? కాని అసాధ్యమైనదాన్ని ఎవరూ ఎంచుకోరు. ఎంపిక ఎప్పుడూ మన చేతిలో ఉన్నదాని గురించే. అందువల్ల ఆలోచన చేసే మనిషి గమ్యం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలంటాడు. ఇది కావాలంటే ముందు ఏది కావాలి? అది కావాలంటే దానికి ముందు ఏది? ఇలా వెనక్కి వెనక్కి వస్తూ, ఈ రోజు నా చేతితో చేయగల పని ఒకటి కనబడేంతవరకు రావాలి. ఆలోచనలో చివర దొరికినదే ఆచరణలో మొదటి అడుగు. దారిలో దాటలేని అడ్డు తగిలితే ఆ దారిని వదలాలి. కోరిక లక్ష్యంగా మారడమంటే ఇదే.

పునీత తోమాసు అక్వినాసు వారు నిరీక్షణను గురించి చెబుతూ దానికి నాలుగు గుర్తులు చూపారు. మనం ఎదురుచూసేది మంచిదై ఉండాలి. ఇంకా రావలసినదై ఉండాలి. కష్టపడితేగాని అందనిదై ఉండాలి. అయినా సాధ్యమైనదై ఉండాలి. ఈ నాలుగింటిలో ఒకటి లోపించినా అది నిరీక్షణ కాదు. మీ పాత కలను ఈ నాలుగు ప్రశ్నల ముందు నిలబెట్టి చూడండి. చాలామంది కలలు నాలుగవ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. అయితే అక్కడ తొందరపడి తీర్పు చెప్పవద్దు. కలకు రూపం వేరు, అందులోని మేలు వేరు. రూపం అసాధ్యమైపోయినా, లోపలి మేలు ఇంకా సాధ్యంగానే ఉండవచ్చు.

కాబట్టి ఆ తల్లిని, "నువ్వు నర్సు ఎందుకు కావాలనుకున్నావమ్మా?" అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "చిన్నప్పుడు మా అమ్మకు కాన్పు కష్టమైందండి. ఆసుపత్రిలో ఒక నర్సమ్మ రాత్రంతా అమ్మ చెయ్యి పట్టుకు కూర్చుంది. ఆవిడ ఉన్నంతసేపూ మా ఎవరికీ భయం వేయలేదు" అంది. ఆమె కోరుకున్నది తెల్లని బట్టలు కాదు, జీతమూ కాదు. భయపడే రోగి ప్రక్కన, పని తెలిసిన చేతులతో కూర్చోవడం. కూతురు నర్సయినా తల్లిలోని ఆ ఆకలి తీరదు. ఒకరి ఆకలి మరొకరు తింటే తీరుతుందా?

పునీత ఇగ్నేషియస్ లొయోలా వారి జీవితంలో ఇదే పాఠం కనిపిస్తుంది. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. మంచం మీద పడి ఉన్న నెలల్లో ఆయన గంటల తరబడి కలలు కనేవాడు. ఒకసారి వీరుడిగా ఒక గొప్పింటి స్త్రీ మెప్పు పొందాలని. మరొకసారి పునీతుల వలె జీవించాలని. రెండూ కనేటప్పుడు తియ్యగానే ఉండేవి. కాని మొదటిది ముగిశాక మనసు ఎండిపోయినట్లుండేది, రెండవది ముగిశాక కూడా సంతోషం నిలిచేది. కలను కనేటప్పటి తీపిని బట్టి గాక, అది వెనుక వదలివెళ్ళే రుచిని బట్టి పరీక్షించాలని ఆయన అక్కడ నేర్చుకున్నాడు.

ఆ తరువాతిది మనకు మరింత అవసరం. యెరూషలేములోనే ఉండి ఆత్మలకు మేలు చేయాలని ఆయన కల. 1523లో అక్కడికి చేరాడు కూడా. కాని అక్కడి ఫ్రాన్సిస్కను సభ పెద్దలు ఉండటానికి అనుమతించక తిప్పి పంపారు. ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. ఆత్మలకు మేలు చేయాలంటే చదువు కావాలి, చదువుకు లాటిను కావాలి అని వెనక్కి నడిచి, 1524లో బార్సిలోనాలో లాటిను వ్యాకరణం మొదటినుండి మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు సుమారు 33 ఏళ్ళు. ప్రక్కన కూర్చున్నవారు చిన్న పిల్లలు. 1534లో పారిస్‌లో స్నేహితులతో కలిసి మరల యెరూషలేము వెళ్తామని మ్రొక్కుకున్నప్పుడు, అది వీలుపడకపోతే జగద్గురువుల చిత్తానికి తమ్మును అప్పగించుకుంటామని కూడా ముందే చేర్చుకున్నారు. వెనిస్‌లో ఓడ కోసం వేచి చూశారు. యుద్ధం వల్ల ఓడలు కదలలేదు. రోమునగరానికి వెళ్ళారు. 1540లో యేసు సభకు ఆమోదం లభించింది. కల రూపం రెండుసార్లు విరిగింది. అందులోని మేలు మాత్రం విరగలేదు.

మన తల్లి విషయానికి వద్దాము. ఆమెతో కూర్చుని అదే విధంగా వెనక్కి నడిచాము. రోగి ప్రక్కన పని తెలిసిన చేతులు కావాలంటే ఎవరైనా నేర్పాలి. నేర్పగలవారు ఊరి ఉపకేంద్రంలోని నర్సమ్మ. మందు చీటీ చదవాలంటే చదువు కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ ఏర్పడింది. నేడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. 14 ఏళ్ళు నిండినవారెవరైనా దాని ద్వారా పదో తరగతి కట్టవచ్చు, పై వయసుకు హద్దు లేదు. అన్నీ ఒకేసారి గట్టెక్కనవసరమూ లేదు. అయితే ఇవన్నీ తరువాత. మరునాటి సాయంత్రం ఆమె చేతిలో ఉన్న పని ఒక్కటే: ఉపకేంద్రానికి వెళ్ళి, "నాకు నేర్పుతారా?" అని అడగడం. ఆమె వెళ్ళి అడిగింది.

ఈ రోజు ఆమె మా ఊరిలో మంచం పట్టిన ముగ్గురు ముసలివారి ఇళ్ళకు రోజూ వెళ్తుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఎలా ప్రక్కకు తిప్పాలో ఇంటివారికి చూపిస్తుంది. పదో తరగతిలో తెలుగు, సాంఘికం పాసైంది. లెక్కలు రెండుసార్లు తప్పింది. కూతురు నర్సింగు మాని డిగ్రీలో గణితం చదివింది. ఇప్పుడు అమ్మకు లెక్కలు చెబుతోంది. తాకట్టు పెట్టిన గొలుసు ఇంకా విడిపించలేదు. పోయిన ఫీజు తలచుకుని ఆ తల్లి ఇప్పటికీ ఒక్కొక్కప్పుడు కూతురిపై విసుక్కుంటుంది. కథ అంతా సుఖాంతమని నేను చెప్పను.

"ఫాదరుగారూ, సంసారులం. బాధ్యతలు వదలి సొంత కలల వెంట పడటం స్వార్థం కాదా?" అని మీలో కొందరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పిల్లల అన్నం కొల్లగొట్టి నెరవేర్చుకునే కల స్వార్థమే. కాని త్యజించడం వేరు, పాతిపెట్టడం వేరు. తెలిసి, ప్రేమతో వదులుకున్నది మనసుకు శాంతినిస్తుంది. వదులుకోకుండా పాతిపెట్టినది సణుగుడుగానో, అసూయగానో, పిల్లల మీద బరువుగానో మొలకెత్తుతుంది. కొన్ని కలలను వెలికితీసి చూసి, "నీ కాలం అయిపోయింది" అని చెప్పి సాగనంపవలసి రావచ్చు. అదీ మేలే. ముఖం చూసి సాగనంపండి.

ఇది చెప్పడానికి నాకు అర్హత ఏమిటంటే, నేనూ ఆ తప్పు చేసినవాడినే. తత్వశాస్త్రంలో పై చదువు చదివి గురువిద్యాలయంలో బోధించాలని యౌవనంలో నా కల. నాకు అప్పగించబడినవి పల్లె విచారణలు. చాలా ఏళ్ళు పైకి విధేయత, లోపల సణుగుడు. ఒకనాడు నన్ను నేను అడుగుకున్నాను: నాకు కావలసింది పీఠమా, మనుషులతో కలిసి ఆలోచించడమా? ఇప్పుడు గురువారం సాయంత్రాలు ఆరేడుగురు యువకులు మా వరండాలో కూర్చుని నాతో వాదిస్తారు. వారిలో ఒకడు తరచూ నన్ను ఓడిస్తాడు కూడా.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగిన సంగతి లూకా సువిశేషం 14వ అధ్యాయంలో ఉంది. గోపురం వద్దని ఆయన అనలేదు సుమా. కూర్చుని లెక్క చూసుకోమన్నారు. ఈ ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఒక అరగంట కూర్చోండి. పెట్టె అడుగున ఉన్నదాన్ని పైకి తీయండి. అందులోని మేలు ఏదో, రేపు మీ చేతిలో ఉన్న పని ఏదో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తరువాత మీ పిల్లలను దగ్గరకు పిలిచి, "నీకేమి ఇష్టం?" అని అడగండి. సమాధానం చెప్పేవరకు మాత్రం మధ్యలో మాట్లాడకండి.