గులకరాయీ గుక్కెడు నీళ్ళూ

చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకుని బతికిన నారాయణప్పను మన సీమ కైవారం తాతయ్యగా కొలుస్తుంది. 1726లో పుట్టి 1836 దాకా జీవించారని చెబుతారు. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడారు. గురువు పరదేశి స్వామి ఆయన చేత నోట్లో గులకరాయి పెట్టించి, అది కలకండ అయ్యేదాకా అష్టాక్షరి జపించమన్నారట. రాయి తియ్యగా మారిందని భక్తుల నమ్మకం.

ఆ తీపినే అందరం చెప్పుకుంటాం. రాయి రాయిగానే ఉన్న రోజుల ఊసెత్తం. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు బతికేది ఆ రోజుల్లోనే.

మంచేనహళ్ళి చుట్టుపక్కల పల్లెల్లో కిడ్నీలు చెడినవాళ్ళు డయాలసిస్ కోసం గౌరిబిదనూరుకో చిక్కబళ్ళాపురానికో బస్సెక్కాలి. మామూలుగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు. సూదుల నొప్పికి అలవాటు పడతారు గానీ దాహానికి పడలేరు. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే నిలుస్తాయి. కాళ్ళు వాస్తాయి, ఊపిరి ఆడదు. అందుకే ఎండాకాలమైనా డాక్టరు చెప్పిన కొలతకు మించి గొంతు తడుపుకోకూడదు. ఉప్పు, ఊరగాయ తగ్గిస్తే దాహమూ తగ్గుతుంది.

తిండిలో, నడకలో, నిద్రలో మితం పాటించేవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. కొలిచి తాగే ఆ గుక్కెడు నీళ్ళలో ఉన్నది ఆ మితమే. దాన్ని శిక్ష అనుకుంటే రోజంతా రోగమే కనిపిస్తుంది. నియమం అనుకుంటే మనవళ్ళకూ మల్లెచెట్టుకూ భజనకూ చోటు మిగులుతుంది.

1960లో సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు గొట్టం అమర్చి అలాగే ఉంచే పద్ధతి తెచ్చేదాకా, డయాలసిస్ మీద ఏళ్ళ తరబడి బతకడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ మరో 11 ఏళ్ళు జీవించారు. యంత్రం ఇచ్చేది కాలాన్ని మాత్రమే. ఆ కాలాన్ని ఎలా గడపాలో నేర్పేది సాధన.

చుట్టూ ఉన్నవాళ్ళకూ కొన్ని నియమాలున్నాయి. ‘ఏ జన్మ పాపమో’ అనకండి. కిడ్నీలు చెడడానికి ముఖ్య కారణాలు షుగరూ బీపీ. ప్రసాదమని ఎళనీరు, అరటిపండు బలవంతం చేయకండి. వాటిలోని పొటాషియం పేరుకుపోతే గుండె ఆగే ప్రమాదముంది. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చేతికి రక్షాదారం బిగించకండి. తోడుగా ఒకరోజు బస్సెక్కి వెళ్ళండి, అదే సేవ.

ఇక రోగులకు ఒక్క మాట. మొక్కుకున్నామని డయాలసిస్ మానకండి. గురుపౌర్ణమి నాడే మీ వంతు వస్తే ముందు ఆస్పత్రికే పోండి; కైవారం మరునాడైనా పోవచ్చు.