కొంగుచాటు ఆయుధం

మరిపెడ నుంచి వరంగల్‌కో ఖమ్మానికో బస్సులో నిలబడి వెళ్ళే అమ్మాయి చున్నీకి రెండు పిన్నీసులుంటాయి. ఒకటి చున్నీ జారకుండా, రెండోది వెనక నుంచి మీద పడే మగవాడి కోసం. ఏ లైసెన్సూ అక్కర్లేని ఈ ఆయుధాన్ని తల్లులు కూతుళ్ళకు పెద్దగా ఏమీ చెప్పకుండానే అందిస్తున్నారు. దాన్ని దాచుకుని తిరగడం ఎంత మామూలైపోయిందంటే, అందులో ఒక నైతిక ప్రశ్న ఉందని కూడా మనకు తోచదు. పిన్నీసు స్థానంలో పిస్తోలును పెట్టి చూస్తే ఆ ప్రశ్న బయటపడుతుంది. రక్షణ కోసం దాచుకున్న ఆయుధం స్త్రీకి స్వేచ్ఛనిస్తుందా, ఇప్పటికే మోస్తున్న బరువుల మీద మరో బరువవుతుందా?

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన తర్వాత, 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమంటూ 'నిర్భీక్' అనే రివాల్వర్‌ను తెచ్చింది. అరకిలో బరువు, లక్షా ఇరవై వేల పైచిలుకు ధర. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉంటేగానీ కొనలేం. మిరపకాయలు ఏరడానికి కూలికి పోయే స్త్రీకి, తండా నుంచి కాలేజీకి నడిచొచ్చే లంబాడీ అమ్మాయికి ఈ 'రక్షణ' ఎప్పటికి అందేను? భద్రత బజారులో సరుకయ్యాక, కొనలేనివాళ్ళ సంగతి ఎవరికి పట్టాలి?

నాతో పీజీ చదివిన స్నేహితురాలు ఇప్పుడు టెక్సాస్‌లో ఉంది. అక్కడ 2021 నుంచి, చట్టపరమైన నిషేధం లేని 21 ఏళ్ళు నిండిన వాళ్ళెవరైనా లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. రాత్రి షిఫ్టుల భయంతో ఆమె తుపాకీ నేర్చుకోవడానికి వెళ్ళింది. నేర్పేది కూడా స్త్రీయే. వారమంతా ఒక ఆఫీసులో లెక్కలు చూసి, శని ఆదివారాలు శిక్షణ ఇస్తుంది. మొదటి రోజు గురి ఊసే ఎత్తలేదట. "మనిషిని చంపగలవా? చంపాక బతకగలవా? ఇది తేల్చుకుని రా" అందట. ఇంట్లో పిల్లలున్నారా, బ్యాగు ఎక్కడ పెడతావు, చెయ్యి చేసుకునేవాళ్ళెవరైనా ఉన్నారా అని కూడా అడిగిందట. తుపాకీ అమ్మేవాళ్ళు చెప్పని విషయాలను ఆ శిక్షకురాలు ముందే విప్పి చెప్పింది. ఆయుధం వెంట ఉందంటే ఎదురయ్యే ప్రతి మగవాణ్ణీ అంచనా వేస్తూ నడవాలి. మనం ఎప్పటినుంచో చేస్తున్న ఈ కూలి లేని చాకిరీని తుపాకీ తగ్గించదు, పెంచుతుంది.

ఆమె అడిగిన చివరి ప్రశ్నలోనే అసలు చిక్కుంది. మనదేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో అత్యధిక భాగం నిందితులు బాధితులకు తెలిసినవాళ్ళేనని నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో మూడింట ఒక వంతుకు పైగా భర్త హింసను అనుభవించినవాళ్ళే. హింసించే మగవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే భార్య హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరుగుతుందని అమెరికాలో జాక్వెలిన్ కాంప్‌బెల్ బృందం 2003లో తేల్చింది. ఆమె తన కోసం దాచుకున్న తుపాకీ కూడా అతనుండే ఇంట్లోనే కదా ఉండేది!

అలాగని 'ఆడదానికి ఆయుధమెందుకు' అనే పాత సుద్దులతో గొంతు కలపలేను. ఈ నేల మీద పుట్టి ఆ మాట ఎలా అనగలం? తెలంగాణ సాయుధ పోరాటంలో కారంతో, రోకళ్ళతో, వడిసెలలతో స్త్రీలు రజాకార్లను ఎదిరించారు. మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టి దళాన్ని నడిపింది. ప్రభుత్వం ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టింది. అది ఒంటరి భయంలోంచి వచ్చిన తుపాకీ కాదు. దాని వెనక సంఘం ఉంది, ఎవరి మీద ఎందుకు ఎత్తాలో నలుగురూ కలిసి తీసుకున్న నిర్ణయం ఉంది. అయినా 1951లో పోరాట విరమణ తర్వాత ఎంతోమంది స్త్రీలు మళ్ళీ పాత సంసారాల్లోకే వెళ్ళాల్సి వచ్చింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ వేదన వినిపిస్తుంది. గడీ తలుపులు బద్దలు కొట్టిన తుపాకీ ఇంటి తలుపు దగ్గర ఆగిపోయింది.

ఇక మన పేరు చెప్పి పేలే తుపాకులున్నాయి. 2008 డిసెంబరులో వరంగల్ యాసిడ్ దాడి నిందితులు ముగ్గురినీ, 2019 డిసెంబరులో 'దిశ' కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. 2019లో జనం పోలీసుల మీద పూలు కూడా చల్లారు. ఆ నలుగురినీ చంపే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. ఆ కాల్పుల తర్వాత బస్సులో ఏ అమ్మాయి అయినా పిన్నీసు తీసి పక్కన పెట్టిందా?

పిన్నీసు పెట్టుకునే అమ్మాయినీ, పిస్తోలు కొనుక్కునే స్త్రీనీ తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. ప్రాణం కాపాడుకోవడం ఆమె హక్కు. ఆ హక్కు ఎప్పుడు విధిగా మారుతుందో మాత్రం కనిపెట్టి ఉండాలి. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు, ఒంటిమీద గాయాలు లేవు గనుక ప్రతిఘటన లేదంది. రేపు ఇంకో కోర్టు, ఇంకో అత్తగారు, ఇంకో ప్రిన్సిపాల్ 'నీ బ్యాగులో ఏమీ లేదా?' అని అడగరన్న నమ్మకమేమిటి? బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పుతున్నారు, సంతోషం. అదే గంటలో పక్క గదిలో మగపిల్లలకు ఏం నేర్పుతున్నారో కూడా వెళ్ళి అడుగుదాం.