రాజీ కుదిరాక మాట తప్పితే?



నంద్యాలలోనో, ఆళ్లగడ్డలోనో ఒక జంట విడిపోయిందనుకుందాం. పెద్దమనుషులు కూర్చొని, కె.సి. కెనాల్ కింద ఉన్న రెండెకరాల మాగాణి భార్యకు, ఇల్లు భర్తకు అని తేల్చారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. రెండేళ్లయినా పొలం అతనే దున్నుకుంటున్నాడు. ఆమె కోర్టుకు పోతానంటే, "విశ్వాసివి, కోర్టుకెక్కుతావా? క్షమించి వదిలెయ్యమ్మా" అంటున్నారు బంధువులు. ఈ సలహా ధర్మమేనా?

తగవులను బయటి న్యాయస్థానాలకు ఈడ్చిన కొరింతు విశ్వాసులను పునీత పౌలుగారు మందలించిన మాట నిజమే. కాని సొంత సోదరులనే మోసగించేవారిని కూడా ఆయన అక్కడే గద్దించారు. మనవాళ్ల మధ్యనే తీర్చుకొమ్మన్నారు. ఆమె ఆ పనే చేసింది. తప్పింది అతడు.

క్షమ అంటే పగను వదులుకోవడం, బిడ్డల కూడు వదులుకోవడం కాదు. ఎవరిది వారికి చెల్లించాలనే స్థిరబుద్ధే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు బోధ. పరిస్థితులు నిజంగా మారితే మాట నిలుపుకోలేనివానికి మినహాయింపు ఉంటుందనీ ఆయన ఒప్పుకున్నారు. కనుక పంట పోయినవాడు డబ్బు కట్టడానికి గడువు అడగవచ్చు. మనసు మారినవాడు అడగరాదు.

వివాహబంధం విడదీయరానిదని శ్రీసభ విశ్వాసం. అయినా బిడ్డల సంరక్షణకు, ఆస్తి రక్షణకు వేరే దారి లేనప్పుడు చట్టపరమైన విడాకులను సహించవచ్చని సత్యోపదేశం 2383వ పేరా చెబుతోంది. వివాహం చెల్లదని తీర్పిచ్చేటప్పుడు సైతం, ఒకరిపట్ల ఒకరికీ బిడ్డలపట్ల ఇద్దరికీ ఉన్న బాధ్యతలను గుర్తుచేయాలని శ్రీసభ ధర్మశాస్త్రం 1691వ నిబంధన.

ఒక జాగ్రత్త. పెద్దమనుషుల కాగితం ఒక్కటే చాలదు. పొలం హక్కు మారాలంటే సాధారణంగా రిజిస్ట్రేషను కావాలి. అదే రాజీని లోక్ అదాలత్‌లో నమోదు చేయిస్తే, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. మాట తప్పితే నేరుగా అమలు పిటిషను వేయవచ్చు. స్త్రీలకు ఈ చట్టం కింద ఉచిత న్యాయసహాయం కూడా ఉంది.

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పెట్టేముందే ఆలోచిస్తాడు, చెక్కాక చెరపలేడు గనుక. సంతకమూ అంతే. పెద్దలారా, సంతకాలు చేయించి లేచిపోకండి. పొలం ఆమె చేతికి అందిన రోజునే మీ పంచాయితీ ముగిసినట్లు.