కలయికకు ఇద్దరు కావాలి

రెండు సంప్రదాయాలు కలిసినప్పుడు రెండింటికీ న్యాయం జరిగిందని చెప్పడానికి కొలబద్ద ఏది?

ఆఫ్రో కెల్ట్ సౌండ్ సిస్టమ్ బృందం 1996లో వెలువరించిన తొలి ఆల్బం ‘వాల్యూమ్ 1: సౌండ్ మ్యాజిక్’లో పశ్చిమాఫ్రికా తంత్రీవాద్యమైన కోరా, ఐర్లండు తిత్తివాద్యమైన ఇలియన్ పైప్స్ ఎలక్ట్రానిక్ లయపై జతగా పలుకుతాయి. వాదకులు తమ తమ సంప్రదాయాలలో ఆరితేరినవారు కనుక ఏ స్వరమూ మరొకదానిలో మునిగిపోలేదు.

ఇటువంటి పొరుగుతనం బిలాస్‌పూర్‌లోనూ ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల వెంట తెలుగువారు ఆ పట్టణం చేరారు. ఛత్తీస్‌గఢ్ పండవానీలో తంబూర పట్టి భారతకథ చెప్పే తీజన్‌బాయి వంటి కళాకారులకు ‘రాగీ’ ఊకొడతాడు. తెలుగు బుర్రకథలో కథకునికి వంతలు బదులు పలుకుతారు. పోలిక స్పష్టమే. అయితే పండవానీని ‘అక్కడి బుర్రకథ’ అనడం దాని పేరును అపహరించడమే. బుర్రకథను ఎన్నడూ వినక పండవానీని మాత్రమే ఎరిగిన ప్రవాసాంధ్ర బాలునికి, కలపడానికి తనదంటూ ఏమీ ఉండదు.

పొరుగు కళను దాని పేరుతోనే పిలవడం, తన కళను తన బిడ్డకు వినిపించడం: ఈ రెండు బాధ్యతలూ నెరవేరిన చోటనే కలయిక సంగమమవుతుంది. తక్కినది విలీనం మాత్రమే.