రాలిన ఆకు క్రింద దేవుని పనివారు

ధ్యాన భాగములు: కీర్తన 104:24-30, 1 కొరింథీయులకు 12:22



ఎండకాలమున మన మదనపల్లె ప్రాంతపు కొండలకు నిప్పు అంటుకొనుట మీరెరుగుదురు. హార్స్‌లీ కొండల దారిన పోవువారు కాలి నల్లబడిన వాలులను చూచియుందురు. క్రొత్త గడ్డి మొలచునని ఒకడు నిప్పు పెట్టును. ఆర్పని బీడీ పారవేసి ఒకడు పోవును. “కాలినది ఎండుటాకే గదా” అని మనము ఊరకుందుము. నేనును దేవాలయ ఆవరణలోని కానుగచెట్ల క్రింది ఆకును ఊడ్పించి, ఏటేట కాల్పించుచుంటిని. అది శుభ్రత అనుకొంటిని.

అయితే ఆ ఆకు క్రింద ఎవరున్నారు? చెదపురుగు ఎండుకర్రను మరల మన్నుగా మార్చును. చీమలు త్రవ్విన సన్నని దారులగుండ వాననీరు నేలలోనికి దిగును. పేడపురుగు పేడను పాతిపెట్టి వేళ్లకు ఎరువు అందించును. భూతలమును నూతనపరచువాడు ప్రభువేయని కీర్తనకారుడు సాక్ష్యమిచ్చుచున్నాడు. ఆ పనికి ఆయన ఈ అల్పజీవులను కూడ పిలిచియున్నాడు.

చెట్టు కొట్టి ఆకు కాల్చినప్పుడు నీడ పోయి నేల కాగును. తేమలేక మెత్తని శరీరముగల పురుగులు చచ్చును. మిగిలినవాటికి ఆహారముండదు. వాన పడగా చినుకులు వట్టినేలను కొట్టి పైమన్నును బిగియజేయును. నీరు లోనికి దిగక, ఎర్రమన్నును ఈడ్చుకొని చెరువును పూడ్చును. తరువాత టమోటా తోటకు నీళ్లు చాలవని మనమే కన్నీరు విడుతుము.

“చెద చచ్చిన మంచిదే గదా, అది మా వాసములను తినును” అని ఒకరు నాతో అనిరి. వినుడి. ఆఫ్రికాలోని కామెరూను దేశమున, మ్బల్మాయో అడవియందు, 1990 దశకమున శాస్త్రజ్ఞులు చెదజాతులను పరిశోధించిరి. అడవిని నరికివేసిన చోట మన్ను తిని బ్రతుకు చెదలు మిక్కిలి తగ్గిపోయెను. కర్ర తినునవి అంతగా తగ్గలేదు. అది వానలు మెండుగా కురియు అడవి, మనది ఎండుసీమ. అయినను ఈ హెచ్చరిక మనకును చెందును. అడవిని పాడుచేసినంత మాత్రమున వాసములను తినునది పోదు. నేలకు మేలు చేయునదే ముందుగా పోవచ్చును.

శరీరములో బలహీనముగా కనబడు అవయవములే మరి అవసరమైనవని పౌలు కొరింథీయులకు వ్రాసెను. దేవుడు కొండను కట్టిన విధమును అదియే, సంఘమును కట్టిన విధమును అదియే. మన కంటికి ఎండుటాకువలె కనబడువారిని, కూలికి పోయి వచ్చి వెనుక చాపమీద కూర్చుండు విధవరాలిని, మనము ఎన్నిమారులు ప్రక్కకు ఊడ్చితిమి?

కాబట్టి ఈ వేసవిని రెండు పనులు చేయుదము. కొండకు నిప్పు పెట్టము, పెట్టువానిని ప్రేమతో ఆపుదము. మన యింటి చెట్టు ఆకును ఆ చెట్టు మొదటనే విడుతుము. నిరుటినుండి నేను కానుగాకును కాల్పించుట మానితిని. తొలకరి తరువాత బడిపిల్లలు ఆ ఆకును ఎత్తి చూచి, “అయ్యగారూ, ఇక్కడంతా కదలుచున్నది!” అని కేకవేసిరి. నేను మోకాళ్లూని చూచితిని. ఇన్నేండ్లు నేను కాల్పించినది ఏమో అప్పుడు తెలిసికొంటిని.

ప్రార్థన: సృష్టికర్తవైన తండ్రీ, నీవు పనికి పెట్టినవారిని మేము చెత్తయని కాల్చితిమి. మమ్మును క్షమించుము. అల్పులను గౌరవించు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున, ఆమేన్.